కత్తి దగ్గర మూడు మాటలు

మా అత్తయ్యకి కోపం రాదని షాపులో అందరూ అనుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. నాకు తెలిసినంతవరకూ కోపమంటే చప్పుడు. మా పుట్టింట్లో కోపం వస్తే గిన్నెలు ఎగురుతాయి, తలుపులు దఢేలుమంటాయి, అమ్మా నాన్నా ఒకరినొకరు ఏడు తరాలు వెనక్కి వెళ్ళి మరీ దులుపుకుంటారు, అరగంట తిరిగేసరికి ఇద్దరూ కూర్చుని టీ తాగుతుంటారు. ముక్కు మీద కోపం నాకు వాళ్ళిచ్చిన ఆస్తి. అలాంటిదాన్ని, ఎవరూ గొంతు పెంచని ఇంట్లోకి కోడలిగా వచ్చి పడ్డాను. మొదటి నెల హాయిగానే ఉంది. రెండో నెల నుంచి భయం మొదలైంది.

కింద బైండింగు షాపు, పైన ఇల్లు. షాపు ముందుగదిలో పొడుగాటి బల్లలు, జిగురు డబ్బాలు, కాగితాలు మడతపెట్టే ఇద్దరు ఆడవాళ్ళు. వెనకగదిలో కత్తి. కత్తి అంటే చేత్తో పట్టుకునేది కాదు, నా ఎత్తున ఉండే ఇనుప మిషన్. బల్ల మీద కాగితాల కట్ట పెట్టి అంచులు సమంగా సర్దాలి, పక్కకి ఉన్న పొడవాటి పిడి కిందికి లాగాలి, పైనుంచి మూరెడు కత్తి దిగి అరచేతి మందం కట్టని వెన్నముద్దలా కోసేస్తుంది. వెనక ఒక ఇనుపపట్టీ ఉంటుంది, దాన్ని ముందుకీ వెనక్కీ జరిపి కొలత పెడతారు. పిడికి ఒక చీల. ఆ చీల దూర్చితే పిడి కదలదు. పని ముగించి తాళాలు వేసేటప్పుడు దాన్ని దూర్చేవాళ్ళు, పొద్దున తీసేవాళ్ళు.

కాగితం సర్దేది అత్తయ్య. పిడి లాగేది మామయ్య. ఇద్దరి మధ్యా మిషన్‌కి ఉన్న పెద్ద ఇనుపచక్రం అడ్డం, పిడి దగ్గర నిలబడినవాళ్ళకి కత్తి కింద చేతులు ఉన్నాయో లేవో కనపడదు. అందుకని మూడు మాటలు పెట్టుకున్నారు. అత్తయ్య చేతులు బయటికి తీసి "తీశా" అనాలి. మామయ్య "కత్తి" అనాలి. మళ్ళీ అత్తయ్య "కానివ్వండి" అనాలి. అప్పుడే పిడి దిగుతుంది. రోజుకి రెండు వందలసార్లు, ముప్పై ఏళ్ళుగా, తీశా, కత్తి, కానివ్వండి.

ఆ మాటలు పెట్టింది మామయ్య వాళ్ళ నాన్నగారు. నేను వచ్చేసరికే ఆ పెద్దాయన పోయారు కానీ గోడ మీద ఫొటో ఉంది. ఎడమచేతికి మూడే వేళ్ళు. మిగతా రెండూ ఈ కత్తికిందే పోయాయట, తమ్ముడితో ఏదో చిన్నమాట పట్టింపు వచ్చి ఇద్దరూ మాట్లాడుకోని రోజున. పంతొమ్మిదేళ్ళ వయసులో అత్తయ్య కోడలిగా వస్తే, ఆ మూడువేళ్ళ చెయ్యి చూపించి ఆయన ఒకే ఒక్క నియమం చెప్పారు. "ఇంట్లో అలగండి, వీధిలో అలగండి. కత్తి దగ్గర మాత్రం అలక లేదు."

కాగితం సర్దడం అత్తయ్యకి ఆయనే నేర్పారు. రెండేళ్ళలో గురువుని మించిపోయింది. కట్టని కంటితో చూసి ఎంత వెడల్పో చెప్పేస్తుంది, స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. మడతపెట్టే ఆడవాళ్ళు ఆవిడని 'కొలతమ్మ' అంటారు, చాటున కాదు, ఎదురుగానే. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. చూపుడువేలికి ఎప్పుడూ ఒక తోలు తొడుగు, కాగితం అంచులు కోసుకోకుండా. అది వేలికన్నా అరంగుళం పొడుగు. "వేలు పెరుగుతుందనుకుని కొన్నారా అత్తయ్యా" అని అడిగితే, "నీ నోరు పెరిగినంత వేగంగా పెరగదులే" అంది. నా నోటి సంగతి ఆవిడ అన్నది ఆ ఒక్కసారే, అదీ నవ్వుతూ.

ఆవిడ అలక గురించి చెప్పాలి. మనసు నొచ్చుకుంటే ఆవిడ మాట్లాడదు, అంతే. అరుపు లేదు, ఏడుపు లేదు, ఉలుకూ పలుకూ ఉండదు. పని మాత్రం మామూలే, భోజనం వేళకి భోజనం, ఉతికిన బట్టలు మడతలు పెట్టి మంచం మీద. ఆవిడకి తగ్గట్టే మామయ్య, ఏమైందని అడిగే మనిషి కాదు. భోజనాల దగ్గర ఉప్పు తక్కువైతే, "ఈ ఇంట్లో ఉప్పు అనేది ఉందో లేదో" అని పైకప్పుని అడిగేవారు. అత్తయ్య ఉప్పు సీసా నా ముందు పెట్టి, "అమ్మాయ్, కావలసినవాళ్ళకి ఇవ్వు" అనేది. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా ఉప్పు అందించేదాన్ని. నేను వచ్చాక చూసినవాటిలో పెద్దది ఇరవై ఆరు రోజులు. ఆ ఇరవై ఆరు రోజులూ కిందికి దిగి కత్తి దగ్గర నిలబడగానే, తీశా, కత్తి, కానివ్వండి. ఆ మూడు మాటలు వినపడితే నాకు ఊపిరి ఆడేది.

నేను వచ్చిన మూడో ఏడు ఒక బడికి హాజరు రిజిస్టర్లు చేశాం. మూడు వందలు. ఆఖరి కోత రోజున బడి గుమాస్తా వచ్చి మామయ్య పక్కనే నిలబడి లోకం కబుర్లన్నీ చెబుతున్నాడు. అత్తయ్య "తొమ్మిదింపావు" అని కొలత చెప్పింది. నేను ముందుగదిలోంచి విన్నాను, మడతపెట్టేవాళ్ళూ విన్నారు. పట్టీ జరిపి కొలత పెట్టేది మామయ్య. కబుర్లలో పడి తొమ్మిదికి పెట్టేశారు. సగం రిజిస్టర్లు కోశాక చూస్తే చివరి గడి మొత్తం తెగిపోయి ఉంది. గుమాస్తా ముఖం మాడిపోయింది.

"ఇదేంటండీ, నలభై ఏళ్ళ షాపు అని వచ్చాను" అన్నాడు.

మామయ్య రిజిస్టరు అటూ ఇటూ తిప్పారు. తర్వాత, అందరూ వింటుండగా, "మా ఆవిడ మాట నమ్మి కోశానండీ. అదే నేను చేసిన తప్పు" అన్నారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు కదా. ఆ మాట ఆయన నోరు దాటడం, అత్తయ్య తల ఒక్కసారి పైకెత్తి మళ్ళీ దించుకోవడం రెండూ గుమ్మంలోంచి చూశాను. అదే మా అమ్మయితే ఆ రిజిస్టరు గుమాస్తా నెత్తిన, రెండోది మా నాన్న నెత్తిన పడేది. అత్తయ్య చెడిపోయినవాటిని పక్కన పేర్చి, కొత్త కాగితం లెక్కపెట్టుకుని తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున మామూలుగానే కట్ట సర్దింది. చేతులు తీసింది. "తీశా" అనలేదు.

మామయ్య పిడి పట్టుకుని కాసేపు చూశారు. "కత్తి" అన్నారు. జవాబు లేదు. చక్రం చుట్టూ తిరిగి వచ్చి చూస్తే, ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వెనక్కి వెళ్ళి పిడి పట్టుకున్నారు. కానీ ఆ నాలుగడుగులు వేసేలోపు ఆవిడ మళ్ళీ చెయ్యి పెట్టలేదని ఏం నమ్మకం? మళ్ళీ వచ్చి చూశారు. ఇలా మూడుసార్లు. గుమ్మంలో కాగితాల కట్ట మోసుకుని నిలబడ్డ నాకు అటూ ఇటూ రెండూ కనిపిస్తున్నాయి. ఉండబట్టలేక, "తీశారు మామయ్యా" అన్నాను.

"కత్తి" అన్నారు ఆయన, నావైపు చూడకుండా.

"కానివ్వండి" అన్నాను.

కత్తి దిగింది. ఆ క్షణం నుంచి అది నా ఉద్యోగం అయిపోయింది, నన్నెవరూ అడగలేదు, నియమించలేదు.

మధ్యాహ్నం అత్తయ్యని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "అత్తయ్యా, ఇంట్లో మాట్లాడకండి, మీ ఇష్టం. అక్కడ ఆ రెండు మాటలు అనేయండి, మీకు పుణ్యముంటుంది."

"నా మాట నమ్మడం తప్పని నలుగురిలో చెప్పారుగా. తప్పుడు మాట కత్తి దగ్గర ఎందుకు" అంది. గొంతులో కోపం లేదు. కూరల ధర చెప్పినట్టు చెప్పింది.

మామయ్య దగ్గరికి వెళ్ళాను. "నాలుగు రోజులు కత్తి పని ఆపుదాం మామయ్యా, చీల దూర్చేయండి" అన్నాను. "పని ఆపితే ఏదో గొడవ ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదమ్మా" అన్నారు. మా ఆయనకి చెప్పాను. ఆయన బండి మీద సరుకు అందించి వచ్చే మనిషి, కత్తి గదిలో ఉండేది పది నిమిషాలు. "అది వాళ్ళిద్దరి వ్యవహారం, మధ్యలో దూరకు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, వాళ్ళే సర్దుకుంటారు" అన్నాడు. మధ్యలో దూరిందీ నేనే, దూరకపోతే పోయేవీ వాళ్ళమ్మ వేళ్ళే. ఈ మాట పైకి అనలేదు. ఆ ఇంటి గాలి నాకూ సోకుతోందేమో అప్పటికే.

రోజుకి రెండు వందలసార్లు. ప్రతిసారీ ఆవిడ పదివేళ్ళూ లెక్కపెట్టుకునేదాన్ని. నిద్రలో కూడా లెక్కపెడుతున్నానని మా ఆయన వేళాకోళం చేశాడు. అన్నం కలుపుతుంటే నా వేళ్ళు చూసుకుని అన్నం దిగేది కాదు. వెళ్ళి ఫొటోలో పెద్దాయన చెయ్యి చూసొచ్చేదాన్ని. ఎందుకు చూసేదాన్నో తెలియదు, చూస్తే భయం ఇంకా పెరిగేది. గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో కళ్ళారా చూశాను.

పన్నెండో రోజు పొద్దున, మా ఆయన బండికి సరుకు ఎక్కిస్తూ మడతపెట్టేవాళ్ళతో, "మా ఆవిడ నోరు తెరిస్తే మిషన్ చప్పుడు కూడా వినపడదు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు చివుక్కుమంది. పన్నెండు రోజులుగా వాళ్ళమ్మ వేళ్ళు నా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆ నోరు ఈయనకి ఎగతాళి. పుట్టింట్లో అయితే అక్కడే కడిగేసేదాన్ని. ఈసారి ఏమీ అనలేదు. మూతి బిగించుకుని వెనకగదిలోకి వెళ్ళాను. లోపల మాత్రం ఒకటే ధోరణి. నువ్వు నన్ను నలుగురిలో అలా అంటావా, నేను ఇలా అంటాను, దానికి నువ్వు అలా అంటే, నేను ఇంకోటి అంటాను. ఎంత మంచి జవాబులు దొరికాయో.

అత్తయ్య చేతులు బయటికి వచ్చాయి. "తీశారు" అన్నాను.

"కత్తి" అన్నారు మామయ్య.

పైకాగితం ఒకటి పక్కకి జారింది. అత్తయ్య దాన్ని సర్దడానికి కుడిచెయ్యి మళ్ళీ లోపలికి పెట్టింది. నేను కిటికీలోంచి మా ఆయన బండి వెళ్ళిపోవడం చూస్తున్నాను.

"కానివ్వండి" అన్నాను. అని, ఇటు తిరిగి చూశాను.

చెయ్యి లోపలే ఉంది. అరవాలని నోరు తెరిచాను. మిషన్ చప్పుడుని ముంచేస్తుందన్న ఆ గొంతు, కావలసినప్పుడు రాలేదు. పిడి దిగింది. ఎప్పటిలాంటి కోత చప్పుడే, మధ్యలో చిన్న టక్కుమన్న శబ్దం. అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుని గుండెకి ఆనించుకుంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మామయ్య చక్రం చుట్టూ తిరిగి వచ్చారు. కత్తి ఇవతల, తెల్లటి కాగితం ముక్కల మధ్య, గోధుమరంగు తోలుముక్క ఒకటి పడి ఉంది. అరంగుళం. అత్తయ్య వేలు చాపింది. తొడుగు కొస లేదు, అందులోంచి గోరు బయటికి కనిపిస్తోంది. రక్తం లేదు. మామయ్య ఆ వేలు పట్టుకుని చూశారు, వదిలారు, మళ్ళీ పట్టుకుని చూశారు. తర్వాత కాగితాల బండిల్ మీద కూలబడ్డారు.

"నేనే అత్తయ్యా" అన్నాను. "నేను చూడకుండా చెప్పాను. వేరే కోపంలో ఉన్నాను."

"నీ తప్పేం లేదు" అంది. "నేననాల్సిన మాట నీ చేత అనిపించాను. తప్పు అక్కడుంది."

తర్వాత చక్రం అవతలికి నడిచి, పిడి దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ అటువైపు నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను. పిడి మీద వంగి కాసేపు ఏదో సర్దుకుంది. ఆవిడ వీపు అడ్డం, నాకు కనపడలేదు.

"మీరు ఇటు వచ్చి కాగితం సర్దండి" అంది. పన్నెండు రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

మామయ్య లేచారు. ఎందుకని అడగలేదు. మడతపెట్టేవాళ్ళిద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన కొత్త కట్ట పెట్టి, రెండు చేతులతో అంచులు సర్దారు. కట్ట ఎంతకీ సమం కావడం లేదు. చివరికి అయింది. చేతులు తీయాలి. ఆయన తీయలేదు. కత్తి కిందే, కాగితం మీద బోర్లించి ఉంచారు.

"మామయ్యా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అవతల అత్తయ్య చెయ్యి పిడి మీద ఉంది. చక్రం అడ్డం, ఆవిడకి ఈ చేతులు కనపడవు. ఏ ఒక్కరివైపు చూసినా రెండోవైపు ఏమవుతుందోనని రెప్ప వేయకుండా అటూ ఇటూ చూస్తున్నాను.

"చేతులు ఇక్కడే ఉన్నాయి" అన్నారు మామయ్య, అవతలికి వినపడేలా. "ఆ రోజు కొలత తప్పు పెట్టింది నేను. కబుర్లలో పడి స్కేలు చూడలేదు. నువ్వు తొమ్మిదింపావు అనే చెప్పావు."

"ఇది ఎప్పుడు తెలిసింది?" అంది అత్తయ్య.

"అప్పుడే తెలుసు."

"తెలిసీ అన్నారు."

"తెలిసే అన్నాను. ఆయన ముందు పరువు పోతుందని."

"మరి నా పరువు?"

మామయ్య మెడ మీద చెమట కారుతోంది. చేతులు మాత్రం కదల్చలేదు.

"పుస్తకాలు పాడైనందుకు నాకేం లేదు" అంది అత్తయ్య. మొదటిసారి ఆవిడ గొంతు జీరపోవడం విన్నాను. "ముప్పై ఏళ్ళు నా వేళ్ళు మీ చేతిలో పెట్టాను. ఒక్క మాట నా నోట తప్పు రాలేదు. నా మాట నమ్మడమే తప్పన్నారు. అక్కడ నొప్పెట్టింది."

"తప్పే. ఎంత పెద్ద తప్పో ఇప్పుడు తెలుస్తోంది."

"గుమాస్తాకి కూడా చెప్పాలి."

"రేపు వెళ్ళి చెప్తాను."

పిడి మీద ఆవిడ వేళ్ళు కొంచెం సడలాయి.

"చేతులు తీయండి" అంది.

ఆయన తీశారు. రెండూ పైకెత్తి చూసుకుని, "తీశా" అన్నారు.

"కత్తి" అంది అత్తయ్య.

"కానివ్వు" అన్నారు.

పిడి దిగే ముందు ఆవిడ పక్కకి వంగింది. అప్పటిదాకా ఆవిడ వెనక మరుగైనది అప్పుడు చూశాను. చీల. పిడిలోకి పూర్తిగా దూర్చి ఉంది. దాన్ని లాగి బల్ల మీద పెట్టి, అప్పుడు పిడి కిందికి నొక్కింది. అంతసేపూ ఆ కత్తి దిగే వీలే లేదు. ఆ సంగతి మామయ్యకి తెలియదు, ఆవిడ చెప్పలేదు, ఆవిడ దాచిన విషయం నేనెందుకు చెబుతాను. మర్నాడు ఆయన నిజంగానే బడికి వెళ్ళి గుమాస్తాకి చెప్పొచ్చారు. తిరిగొచ్చి మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగారు.

కానీ ఆ చీల సంగతి, ఆయన బడికి వెళ్ళకముందే, ఆ రోజు సాయంత్రమే అత్తయ్యని అడిగాను. పైన టీ గ్లాసులు కడుగుతోంది. తొడుగు లేని ఆ వేలు కొత్తగా కనిపిస్తోంది.

"చీల ఎందుకు దూర్చారు అత్తయ్యా? ఊరికే భయపెడదామనా?"

"ఆయనకి చీల కనపడదుగా, భయం ఎలాగూ పడతారు" అంది. కడిగేసిన గ్లాసునే మళ్ళీ తీసుకుని కడిగింది. "నామీద నాకు నమ్మకం లేక దూర్చాను, అమ్మాయ్. లోపల ఎంత పేరుకుందో నాకే తెలియదు. పిడి పట్టుకున్నాక తెలిసింది."

నవ్వుతుందేమోనని ముఖంలోకి చూశాను. నవ్వలేదు. ఆవిడ చేతిలో గ్లాసు కుళాయికి తగిలి టకటకమంటోంది.

కింద మా ఆయన బండి ఆగిన చప్పుడైంది. మెట్టు విడిచి మెట్టు దిగి, చెప్పులు విప్పనివ్వకుండా ఆయన చెయ్యి పట్టుకుని, పొద్దున నువ్వు నలుగురిలో అన్నమాటకి నాకు బాధేసిందని చెప్పేశాను. అరవలేదు. ధైర్యం వచ్చి చెప్పలేదు, భయమేసి చెప్పాను.